గుండె ఎత్తున

చెట్టును గుండె ఎత్తున కొలవాలి.
ఎవరి గుండె అని అడగకూడదు.
నేల నుంచి నూటముప్పై సెంటీమీటర్లు,
శిక్షణలో చెప్పారు.
మా లమియాంగత్త పొట్టి మనిషి,
ఆ ఎత్తున ఆమెకు నోరుంటుంది.

నేను కొలిచేవాణ్ని.
టేపు చుట్టి, అంకె పలికి,
అల్యూమినియం బిళ్ళను మేకుతో కొట్టి
ఇంకో చెట్టుకు.
రోజుకు యాభై చెట్లు, మధ్యాహ్నం ఒక అన్నం పొట్లం.
నడుము లోతు నీళ్ళు, డికాషన్ రంగులో.
కింద ఉన్నది నేల కాదు,
వేల ఏళ్ళుగా కుళ్ళడం పూర్తికాని ఆకు.
గెడ గుచ్చితే ఆరు మీటర్లు దిగుతుంది
ఇంకా అడుగు తగలదు.
ఆ లోతునే అమ్ముతున్నారట.
ఎక్కడో ఒక విమానం ఎగిరినందుకు
ఇక్కడ మా బురద కదలకుండా పడుండాలి.
అదీ ఉద్యోగమే.
నాకంటే దానికే జీతం ఎక్కువ.

మెంతరాయ్ ఏటికి అవతల ఆయిల్‌పామ్,
నూనె రాసి దువ్విన తలలా వరసలు వరసలు.
మా తాతలు తవ్వుకున్న చేపల గుంటలు
ఆ వరసల కిందే ఎక్కడో ఉన్నాయి.
ఇవతల, మేం ముట్టకూడని అడవి.
అరుగు మీద కూర్చుని వక్క కత్తిరిస్తూ అత్త అంది:
“ఆ ఒడ్డు వాడు నరుకుతానన్నాడు, జరగమన్నాడు.
ఈ ఒడ్డు వాడు నరకనన్నాడు, జరగమన్నాడు.”
అడకత్తెర మూసుకుంది.
రెండు చెక్కల్లో ఒకటి నాకిచ్చింది.

సంతకాలు పెట్టాం, నిజమే.
భోజనానికి ఎందరొచ్చారో లెక్క అనుకున్నాం.

కాలవలకు అడ్డుకట్టలు కట్టారు.
నీళ్ళు నిలిస్తే బురద అంటుకోదని హందారు సారు చెప్పాడు.
అబద్ధం చెప్పలేదు.
నేను పుట్టిన ఏడు ఈ బురద మూడు నెలలు లోలోపల మండింది,
పగలు దీపం పెట్టుకున్నారట,
అమ్మ నా ముక్కు మీద తడిగుడ్డ తీయలేదట.
ఇప్పటికీ మెట్లెక్కితే నా ఊపిరి ఈల వేస్తుంది.
అందుకని కట్టను తిట్టేవాళ్ళ పక్కన కూర్చుంటాను గానీ
నోరు కలపను.

కానీ రబ్బరు తోటకు దారి ఆ కాలవే.
సలుందిక్ మామ రోజూ పడవను కట్ట మీదికి ఈడ్చి
అవతలికి దించుతాడు.
పోయేటప్పుడు నాలుగు కట్టలు, వచ్చేటప్పుడు నాలుగు.
ఎండాకాలం దాటేసరికి
పడవ అడుగు అరిగి అప్పడమైంది.

నాలుగు వేల నూటపదిహేడు, మెరాంటి.
కిందటేడు నేనే కొట్టాను బిళ్ళ.
ఈసారి వెళ్ళేసరికి మొద్దు ఉంది,
మొద్దు మీద ఎవరో తడి నాచు పరిచారు,
గాయానికి కట్టు కట్టినట్టు.
కాగితంలో మూడు గళ్ళు:
నిలబడి ఉంది. పడిపోయింది. కనబడలేదు.
పెన్సిలు ములుకు నాలుక మీద తడుపుకుంటూ ఉండిపోయాను.

ఆ రాత్రి అత్త కొరమీను కోస్తుంటే
కడుపులో కత్తికి టంగుమని తగిలింది.
బిళ్ళ. మామ గాలానికి తళుకు కోసం కట్టుకున్నదట,
మూడు రోజుల కింద తీగ తెంపుకుపోయిన చేప ఇదే.
నెత్తురు కడిగి నా కంచం పక్కన పెట్టింది.
“నీ చెట్టు దొరికింది, తీసుకో.”
మామ నవ్వలేదు. పులుసులో ఎముక వెతుక్కున్నాడు.
బయట, గుంజలకు ఆనించి,
కొత్త పలకల వాసన.

ఏట్లో తిరుగుతోంది అనే గడి లేదు.
ఏం రాశానో చెప్పను.
ఆకాశం నుంచి ఫోటోలు తీస్తారట,
చెప్పకపోయినా తెలుస్తుందట.

తెల్లారి మొదటి కట్ట దగ్గర
ముందు మామ, వెనక నేను,
ఈడ్చకుండా ఎత్తాం.
బరువుకి నా ఊపిరి ఈల వేసింది.
ఒక్క క్షణం అది
సరిగ్గా నా గుండె ఎత్తున ఉంది.
చొక్కా జేబులో బిళ్ళ దానికి తగిలి చప్పుడైంది.
నీళ్ళలోంచి అత్త కేకేస్తోంది:
“మెల్లగారా, అడుగు గీసుకుంటుంది!”