అరిగిన అవును

పూర్ణా మార్కెట్ వెనక, ఎండుమిరప ఘాటు దాటాక
ఆరు మెట్లు దిగితే మా కొట్టు.
లైసెన్సు కాగితం అద్దం వెనక, అద్దం మీద ఉప్పు.
ఈ ఊళ్లో ఇనుముకి ఊరికే జలుబు చేస్తుంది.
రాత్రి తుడిచి పడుకోబెట్టిన లేతు
పొద్దున్నకి పసుపు రాసుకుని లేస్తుంది.

సేల్స్ కుర్రాడు పెట్టె తెరిచాడు.
వెల్వెట్ గుంటల్లో రీమర్లు, బంగారు పూతతో.
"ఒకటి కొనే డబ్బుకి రెండొస్తాయి మేడమ్."
రెండెందుకు బాబూ,
తుపాకీకి గది ఒకటే.

పూతని చూడను నేను.
పూత కింద ఏముందో గోరుతో అడుగుతాను.
అంచు మీద ఆనించి లాగితే
గోటి నుంచి సన్నటి పొర లేవాలి.
జారిందా, ఆ అంచు కోయదు, రుద్దుతుంది.
రుద్దిన చోట ఉక్కు పళ్లు కొరుకుతుంది,
గది గోడంతా అలలు పడతాయి
రుషికొండ దగ్గర పోటు తీశాక ఇసక మీద పడ్డట్టు.
ఇసక మీదైతే ఫొటో తీసుకుంటాం.
గదిలోనైతే, పేలిన తూటా ఇత్తడి తొడుగు
ఆ అలల్ని పట్టుకుని బయటికి రానంటుంది.

తరవాత పైలటు, ముందు నడిచి దారి చూపే ముక్క.
గొట్టంలో దూర్చి వేలితో ఊపాను.
కదిలింది.
"వెంట్రుకంతేగా మేడమ్!"
మాకు వెంట్రుక చాలా పెద్ద కొలత బాబూ,
దాన్ని ఏడుగురం పంచుకుంటాం.

టీ తాగకుండానే మెట్లెక్కి పోయాడు, పాపం.

చివరికి నేను కొన్నది నల్లది.
పూత లేదు, మెరుపు లేదు,
ఆరు పళ్లు, పళ్ల మధ్య ఎడం సమానంగా లేదు.
అదేం తప్పు కాదు. గవరయ్య మేస్త్రీ ఎప్పుడో చెప్పాడు:
"భజనలో అందరూ ఒకే దెబ్బ కొడితే
పందిరి ఊగిపోద్దే గుంటా."

దాంతో పాటు గేజిలు రెండు. గో, నో-గో.
ఒకటి లోపలికెళ్లి బోల్టు మూసుకోనివ్వాలి,
రెండోది మూసుకోనివ్వకూడదు.
కొత్తవాళ్ల మాట వెంటనే నమ్మను కనక
ఆటోనగర్ ల్యాబుకి పట్టుకెళ్లాను,
తోడుగా మేస్త్రీ పాత జత కూడా,
నూనె గుడ్డలో చుట్టి,
ముప్ఫయ్యేళ్లుగా మా కొట్లో ఆఖరి మాట వాటిదే.

ఇరవై డిగ్రీల గదిలో కొలిచారు.
(ఆ చల్లదనం మా వీధికి ఒక్కనాడూ రాలేదు.)
కొత్తవి చెప్పినంతే ఉన్నాయి.
పాత నో-గో నిన్న చేసినట్టుంది.
పాత గో
పద్దెనిమిది మైక్రాన్లు పొట్టిదైపోయింది.

బస్సులో కాగితం నాలుగుసార్లు మడిచి విప్పాను.
కంచరపాలెంలో మేస్త్రీ
కంటి ఆపరేషనయ్యి నల్లద్దాలు పెట్టుకుని కూచున్నాడు.
ఎలా చెప్పాలో తెలీక
అంకె ఒక్కటే చదివాను.

చాలాసేపు బొటనవేలు చూపుడువేలు రుద్దుకున్నాడు
ఆ తేడా అక్కడెక్కడో ఉన్నట్టు.
"ఏటి మరి?
అవునన్నదే అరుగుద్ది.
బోల్టు రోజూ మూసుకున్నది దాని మీదే గదా.
కాదనేదాన్ని ఎవుడు ముట్టుకున్నాడు?"

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.
"ఎన్నిటికి సరే అన్నావు, ఇదరిగినాక?"

అదే తెలీదు.
ఏ రోజు ఏ తుపాకీతో ఆఖరి మైక్రాను పోయిందో
ఖాతా పుస్తకంలో రాసి ఉండదు.
అందుకని మూడేళ్ల వెనక్కి పేజీలు తిప్పి
క్లబ్బు రైఫిళ్లు పదకొండు,
నర్సీపట్నం వైపు తోటలవాళ్లవి నాలుగు
పెన్సిల్‌తో గీత గీసుకున్నాను.

కొట్టు మూసే వేళయింది.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరగడం మొదలుపెట్టింది.
ఆరో నంబరు మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.
ఎత్తితే చెప్పాల్సిన మాట
ఇంకోసారి లోపల్లోపల అనుకుంటున్నాను:

అయ్యా, మీదానికి నేను సరే అన్నాను.
ఒకసారి తీసుకురండి.
అప్పటిదాకా పేల్చకండి.
డబ్బులేం అక్కర్లేదు.