నెర్రె

మూడు డిపార్టుమెంట్లు ఒక్క జీపుల దిగినయి
ఇబ్రీ మేకల సంత ఎనక, మా కొట్టం ముంగట.
పదేండ్లల్ల గట్ల నేనెన్నడు చూడలే.
ఎప్పుడొచ్చినా ఒక్కొక్కరే వచ్చేది:
బల్దియా హిలాల్ పొగమిషన్ పట్టుకొచ్చి
దోమలకు దగ్గు పుట్టించి పోయేటోడు,
పశువుల డాక్టరమ్మ రయ్యా
సూదేసి, చెవికి బిళ్ళ గుచ్చి పోయేది.
మనుషుల డాక్టరు వచ్చేటోడే కాదు.
మనుషులే ఆయన కాడికి పోవాలె,
బతాకా చేతుల వట్టుకొని.

ఈపాలి ముగ్గురు.
ఎందుకంటే నూరుల్ నెత్తురు కక్కిండు.

బక్రీదుకు ఇంక పన్నెండు రోజులుందనంగ
సోమాలియా ఓడ దిగిన మేకలు
లారీలెక్కి, ఎండల కాగి, మా కొట్టంకొచ్చినయి.
నూరుల్ కోతగాడు, చిట్టగాంగు దిక్కు.
మొదటినాడు జరమన్నడు, రెండోనాడు నడుమన్నడు,
పనడాల్ మింగి కత్తి నూరిండు.
నాలుగోనాడు చిగుర్లు ఎర్రగైనయి.
పాన్ తిన్నడనుకున్న.
వాడు పాన్ మానేసి ఏడాదైందని
అప్పుడు యాదికి రాలే.

సూడాను డాక్టరు ముదస్సిర్ వాణ్ని
ఏం తిన్నవని అడగలే,
ఏ జీవాన్ని ముట్టినవని అడిగిండు.
ఆ ఒక్క మాటకు డాక్టరమ్మ ఫోను మోగింది,
ఆమె చేస్తే బల్దియా ఫోను మోగింది,
బల్దియా చేస్తే నాది.
“ఓదెలూ, మేకల ముచ్చట నీకెరుక గదా, ఏడికీ పోకు.”

పోలే.
ముగ్గురిదీ అరబ్బీయే,
డాక్టరు రోగి అంటడు, డాక్టరమ్మ మంద అంటది,
హిలాల్ చెత్త అంటడు.
నడుమ నేను, మేక చెవి మలిచి చూపెడుతున్న.
ఇగో, గోమారి. చారల కాళ్ళది.
మా దిక్కు గోమారి లెక్క ఓపికగ కూసోదు,
కానొస్తే ఇసుక మీద ఉరికొస్తది,
అప్పిచ్చినోని లెక్క.
మేక చెవిల ఓడెక్కింది, మేక చెవిల ఓడ దిగింది.
కాయితం అడిగినోడు లేడు.

మేకల మీద మందు కొట్టిన్రు.
డాక్టరమ్మ అన్నది, ఇది సగమే, మిగిలింది ఏడ?
ముగ్గురూ నా మొకం చూసిన్రు.
ఈ దేశంల నా మొకం చూసి
బతాకా కాక ఇంకోటి అడిగింది అదే మొదలు.

గోడ కాడికి తీస్కపోయిన.
ఇటుకల నడుమ నెర్రె.
సెల్లు లైటు కొడితే
గోడకే నెత్తురుగుల్లలు లేసినట్టు, గుత్తులు గుత్తులు.
ఎవ్వల ఖాతాల లేని జాగ అది.
మేక కాదు, మనిషి కాదు, బల్దియా చెత్తకుండీ కాదు.
మూడు రిజిస్టర్ల నడుమ
సరిగ్గ ఏలు పట్టేంత సందు.

మా తాత సున్నం మెత్తి నెర్రెలు పూడ్చేటోడు,
పూడ్చి కోళ్ళను ఇడిచేటోడు. చెప్పిన.
డాక్టరమ్మ రాసుకున్నది.
హిలాల్ నవ్విండు,
తెల్లారి సిమెంటు బస్తాలు పంపిండు.

అంతా అయినంక, జీపెక్కబోయి, ఆమె ఆగింది.
“నువ్వు వీటిని ఎట్ల తీస్తవ్?”
చూపించిన. రెండు బొటనగోర్ల నడుమ, టప్పుమని.
ఆ చప్పుడంటే చిన్నప్పటి సంది నాకిష్టం.
ముగ్గురూ ఎనక్కి జరిగిన్రు.
మూడు డిపార్టుమెంట్లు, ఒక్కటే అడుగు.

పద్నాలుగు రోజులన్నరు.
ఇయ్యాల తొమ్మిది.
బక్రీదు దాటింది. మా కొట్టం మేక ఒక్కటీ కదలలే,
వాటి చెవికి బిళ్ళ, నా చంకల జరం పుల్ల,
అవీ నేనూ ఒక్కటే లెక్కల ఉన్నం.
అర్బాబ్ నష్టం కూడుకుంటుండు.
నూరుల్‌కు ఎవలెవల్దో నెత్తురెక్కుతున్నది,
నిన్న గంజి అడిగిండట.

పొద్దుగూకంగ మూడు ఫోన్లు.
ముగ్గురికీ అదే అంకె చెప్త,
ముప్పై ఆరున్నర.
పెట్టేసినంక బొటనగోరు లైటు కిందికి తెస్త.
ఎంత రుద్దినా పోని గీత ఒకటి.
మట్టిదే కావచ్చు.