తలా ఒక ముడి

న్యూఫౌండ్‌లాండ్ ఉత్తరపు కొసన, గ్రేలింగ్ కోవ్‌లో ఫిబ్రవరి.
కిటికీ అవతల రేవు గడ్డకట్టి ఉంది.
ఇవతల నేను, ఎర్ర కలం, చల్లారిన టీ,
పదకొండో తరగతి పిల్లల కథలు రెండు.
"ఇంకా రాని కాలం గురించి రాయండి" అన్నాను.
పిల్లలెప్పుడూ అంతే,
రాని కాలం అడిగితే ఉన్న కాలం తెచ్చి చేతిలో పెడతారు.

మేవిస్ కియో కథలో ఒక దీవి.
మంచు విరిగిన మొదటి ఆదివారం
తెడ్లు లేని పడవలో ఒకరిని కూర్చోబెట్టి కడతారు.
ఆ తాడుకి ఇంటికో ముడి.
ముసలమ్మలు పసివాళ్ళ వేళ్ళు పట్టుకుని నేర్పుతారు,
"గట్టిగా కాదు బంగారం, అందంగా" అంటూ.
ఎవరూ చంపరు. సముద్రం తీసుకుంటుంది.
ఎందుకు మొదలైందంటే
చేపలు పడాలని, అన్నారొకరు.
పడినందుకని, ఇంకొకరు.
ముడి వెయ్యడం మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

లియాండర్ స్నూక్ కథలో నగరం.
నలభై అంతస్తుల మేడలు, గోడగోడకీ తెర.
శుక్రవారం రాత్రి ఓట్లు లెక్కపెట్టి
ఒక ఇంటికి వేడి ఆపేస్తారు.
తెరమీద డిగ్రీలు దిగుతుంటాయి,
పద్దెనిమిది, పదకొండు, నాలుగు.
మధ్యలో దుప్పట్ల ప్రకటన.
తాతలనాటి ఆచారమేం కాదిది,
పన్నెండేళ్ళ కిందట ఏదో శాఖ పుట్టించింది.
పుట్టిన రోజునే దానికి
'అనాది' అని పేరు పెట్టారు.

మార్జిన్‌లో పోలికలు రాస్తూ పోయాను.
అక్కడ పాలకుడు లేడు, అందరూ పొరుగువాళ్ళే.
ఇక్కడ పొరుగువాడు లేడు, అందరూ ప్రేక్షకులే.
వాళ్ళు అతని పెళ్ళిలో అడుగులు కలిపినవాళ్ళు,
వీళ్ళకి ఫ్లాట్ నంబరు చాలు.
ఏది ఎక్కువ క్రూరం?
పరీక్షలో ఇవ్వదగ్గ ప్రశ్నే.
మరీ చక్కగా కుదిరాయి నా వాక్యాలు.
అందుకే అనుమానమొచ్చి మళ్ళీ మొదటినుంచి చదివాను.

రెండు కథల్లోనూ, అంతా అయిపోయాక, జనం తింటారు.
నగరంలో మొక్కజొన్న పేలాలు.
దీవిలో బఠాణీ సూపు, ఉప్పుమాంసం ముక్కలతో.
ఈ పిల్లలిద్దరికీ మాటల్లేవు,
ఒకే బస్సులో వస్తారంతే.
మరి ఈ ఆకలి ఇద్దరికీ ఎక్కడ దొరికింది?

మొన్న జనవరిలో
హాకీ జట్టు కొత్తవాళ్ళకి స్వాగతం పలికింది.
రింకు వెనక, అర్ధరాత్రి, వట్టికాళ్ళతో మంచుమీద నిలబెట్టి,
తడి తువ్వాలుతో తలా ఒక దెబ్బ.
"మా నాన్నా తిన్నాడు, నేనూ తిన్నాను" అన్నాడు కోచ్ ఎలాయ్,
వారసత్వంగా వచ్చిన పొలం గురించి చెప్పినట్టు.
లియాండర్‌కి రెండు కాలివేళ్ళు తీసేశారు.
ప్రిన్సిపాల్ ఇంటింటికీ పంపిన ఉత్తరంలో
ఆనవాయితీ అన్న మాట మూడుసార్లుంది.
కాలు అన్న మాట లేదు.

ఆ మర్నాడు, ఏటా ఉండేదే కదా, జట్టుకి విందు.
బఠాణీ సూపు వండింది నేను.
గిన్నెలు అందించింది మేవిస్.
ఒక కుర్చీ ఖాళీగా ఉంటే
దాని ముందున్న గిన్నె తీసి బోర్లించాను,
బల్లమీద చోటు కలిసొస్తుందని.
మేవిస్ నా చేతిని చూసింది.
ఎంతసేపు చూసిందో అప్పుడు లెక్కపెట్టలేదు.

పాపం తలా పిడికెడంటారు గాని
నాది గరిటెడు.

మార్కులు రేపటికి కావాలి.
లియాండర్ కాగితంమీద ఏం రాయను?
చలి గురించి ఇంకాస్త వివరంగా రాయమనా?
మేవిస్ చివరి పేజీ తిప్పాను.
అందరూ ముడులేశాక
వరసలో చివర్న ఒక ముసలి టీచరు వస్తుంది.
ఆమె ముడి వదులుగా పడుతుంది.
ఎవరూ గమనించరు, పడవ కదులుతుంది,
కథ అక్కడితో ఆగింది.
'అసంపూర్ణం' అని సగం రాసి ఆగాను.
టీచరు పేరు డోర్కస్.
నా పేరే.

కావాలని వదులుగా వేసిందో,
వేళ్ళు వణికాయో,
ఆ పిల్ల రాయలేదు.