అంచు మీది పెన్సిల్ రాత

రువీల గడియారం స్తంభం వెనక గల్లీ,
ఫ్రేముల దుకాణం మీద మిద్దె గది.
ఏసీ బొట్టు బొట్టు కారే కాడ ఒక బకెట్టు.
ఆ నీళ్ళతోనే రంగులు కలుపుత.

పని ఏమంటే,
నూరేండ్ల కింద ఏ దేశంలనో ఎవరో
ఆటకత్తెల కోసం గీసిన బట్టల బొమ్మలు
అచ్చం అట్లనే మళ్ళ గీయాలె.
అసలువి ఏ మ్యూజియంలనో ఉన్నయట,
మాకు వాటి ఫొటోలు.
హోటలుకు నలభై గదులు, గదికొకటి.
మిషన్ల గుద్దితే ఒక్క పూటల అయిపోయేదే గని
చేతితోని వేసిందని కింద చిన్న చీటీ అంటిస్తరు.
ఆ చీటీకే పైసలు.

నిర్మల్ల మా నాయిన పొనికి కట్టె మీద
చింతగింజల లప్పం రుద్ది మామిడిపండ్లు చేసెటోడు.
పండు ఎక్కడ మక్కుతదో
రంగు ఆడికెల్లి మొదలుపెట్టాలెరా, అనేటోడు.
ఇక్కడ పండ్లు లేవు.
ఈకల తలపాగ,
ఉల్లిపువ్వు తీరు గుండ్రంగ విచ్చుకున్న పావడ,
జబ్బల కాడ నీలం, ఆ నీలంల బంగారు చుక్కలు.
మొకం మాత్రం గీయలే, గుడ్డు తీరు ఖాళీ.
మొకానికి కుట్టుపని ఉండది గద.

అరాక్సీ మేడం కండ్లద్దాలు నుదుటి మీదికి తోసి చూస్తది.
"మరక ఏది?" అంటది.
అసలు కాయితం మీద ఎవరో కాఫీ కప్పు పెట్టిండ్రు.
అది గూడ వెయ్యాలె.
సులేమానీ చాయ్ల కుంచె ముంచి
ఎవని పరాకునో పట్టి పట్టి దిద్దుత.
గుండుసూది పొడిచిన బెజ్జం సుత గీస్త, నీడతోని సహా.

మా రూముల ఉండే గంగనర్సు ఒపేరా హాలు కాడ కావలి.
ఎట్లుంటదిరా ఆ ఆట, అని అడిగిన.
తలుపు ఇవతల నిలబడ్డ, చూసింది లేదన్నడు.
బాజాలు వినబడ్డయట. నడుమ నడుమ దబ్బు దబ్బున
రేకుల మీద కోతులు దుంకినట్టు.
గంత పల్చటి బట్టలల్ల గంత బరువు ఉంటదా అని
నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే.

కుడి అంచు మీద పెన్సిల్‌తోని రెండు వరుసలు.
ఏం బాసనో.
మూడేండ్ల సంది తీగెలనుకునే గీస్తున్న.
ఒక కొక్కెం, బోర్ల పడ్డ కుర్చీ, ఒక ముడి,
ఆఖరికి గబగబ లాగి ఇడిసిపెట్టిన గీత.
రాసినోడు తొందరల ఉన్నడని మాత్రం తెలుసు.
తొందరను నిమ్మలంగ గీసుడు కష్టం.

పరదాలు కుట్టే లుద్మీల కొలతలకు వచ్చి
అద్దం ఇంకా వెయ్యని బొమ్మ కాడ ఆగింది.
నువ్వే రాసినవా, అని సైగ చేసింది.
వేలు పెట్టి చదివి, హిందీ ముక్కలల్ల చెప్పింది:
"చంకల కింద రెండు వేళ్ళంత వదులు పెట్టు.
పిల్లకు ఊపిరి ఆడుతలేదట."

గంతే.

ఈకలు, జరీ, నలభై గదుల కింద
ఒక పిల్ల ఎవరికో చెప్పుకున్నది,
ఆయన మరిచిపోతనేమోనని రాసుకున్నడు.

తెల్లారి ముప్పై ఏడో బొమ్మ.
ఎంత గీసినా అక్షరాలు వస్తలేవు.
నిన్నటిదాంక గీతలుండె.
"ఇది ఫొటో లెక్క లేదు" అన్నది మేడం.
రబ్బరుతోని తుడిచిన. మళ్ళ తుడిచిన.
కాయితం నూగు లేసింది.

నడుము గీత కాడికి వచ్చినంక
తెలిసే చేసిన,
చంకల కింద ఒక వెంట్రుక మందం
బయటికి జరిపిన.
ఫొటో పక్కన పెట్టి స్కేలుతోని కొలిస్తే తప్ప దొరకది.

అది మూడువందల పదకొండో గదికి పోతదట.
పొద్దుగాల పరదా తీస్తే ఎండ సక్కగ గోడ మీదనే.
ఆ నీలం నాలుగేండ్లు ఆగుతే ఎక్కువ.

ఇంక మూడు మిగిలినయి.
చాయ్ చల్లారితే
మరక సక్కగ రాదు.