గళ్ల కాయితం

కొత్తవాడల మా నాయిన రాజమల్లు
రోహిణి ఎండల పెంగ్విన్ను నేసిండు, జంపఖానా మీద.
సొసైటోళ్లు ఇచ్చిన గళ్ల కాయితం
మగ్గానికి దారంతోని కట్టుకొని
గడికి నాలుగు పోగులు లెక్కబెట్టి,
పంజాతోని దిగగొట్టుకుంట.

"ఇది కోడా, బాతా?" అన్నడు.
"మంచుల ఉంటది, ఎగరది" అన్న.
"ఎగరనిదానికి రెక్కలెందుకే" అనుకుంటనే
నల్లకోటు తొడిగిండు, హన్మకొండ కోర్టు వకీలు లెక్క.
కాళ్లు మాత్రం మా పెరటి కోడివి.

అంచుకు రెండు వేళ్ల జాగ మిగిలింది.
దూలం మీది బల్లి ఇటే చూస్తున్నది.
ఎవరూ అడగలే. నేసిండు,
తోక జెర్ర వంకర పెట్టి.

మొన్న మళ్ల కాయితమొచ్చింది,
పెంగ్విన్లు పోయిన దేశంకెల్లి.
గళ్లల్ల ఆకుపచ్చ జీవి ఒకటి,
తోక సక్కగ, ఇస్త్రీ చేసినట్టు.
ఇరవై అయిదు కావాల్నట.

నాయిన అద్దాలు నెత్తిమీదికి జరిపి
కాయితాన్ని తిప్పి తిప్పి చూసిండు.
"ఇది ఏ దేశంల ఉంటదే?"

పైన బల్లి పలికింది.
"సత్తెం" అని వేలితోని మగ్గం మీద కొట్టి
ఆకుపచ్చ కండె కోసం
చెయ్యి చాపిండు.