కొలకర్ర

వాదీ అంటే ఏరు కాదు,
ఏరు ఎప్పుడో రావాల్సిన చోటు.
ఎండు గులకరాళ్ల మధ్య
ఎరుపూ తెలుపూ పట్టీల కొలకర్ర పాతుతున్నాం,
మునిసిపాలిటీ పని.
సంచుల్లోకి ఇసుక ఎత్తిపోస్తూ
"ఈడ నీళ్లు ఏడికెళ్లి అస్తయన్నా" అని నవ్వాడు
జగిత్యాల లింబాద్రి.

నేను నవ్వలేదు.
మాది కళింగపట్నం.
రేవులో ప్రమాద సూచిక నంబరు మారితే
మా అమ్మ పొయ్యి ఆర్పి, బియ్యం అటకెక్కించేది.
ఇక్కడ జెండా లేదు.
అర్ధరాత్రి ఫోన్లన్నీ ఒక్కసారే అరిచాయి
అరబ్బీలో, ఇంగ్లీషులో.
అరుపుకి తర్జుమా అక్కర్లేదు.

సువైక్ బడిలో బల్లలు మేడ మీదికి మోశాం.
గదుల్లో పరుపులు, నీళ్ల పెట్టెలు, ఒక జనరేటరు.
హిలాల్ సారు చేతిలో జాబితా,
ఖాళీ చేయించాల్సిన ఇళ్లు నంబర్ల వారీగా.
ఖర్జూర తోట కాపలా గది ఉంది,
మేకల దొడ్డి కూడా ఉంది.
అరవైతో ఆగింది.
వాదీ ఒడ్డున మా రేకుల క్యాంపు లేదు.
ఇల్లయితే కదా నంబరుండేది!

లింబాద్రి ఏమీ అనలేదు.
కొలకర్రకి పూయగా మిగిలిన ఎర్రరంగు పట్టుకెళ్లి
మా తలుపు మీద రాశాడు
జానెడెత్తున, కాస్త వంకరగా
అరవై ఒకటి.

సారు చాలాసేపు చూశాడు.
పెన్ను విదిలించి, కాగితం అడుగున
చోటు లేనిచోట ఇరికించి రాశాడు:
ముప్పై ఎనిమిది మంది.

సాయంత్రం బస్సొచ్చింది.
మబ్బు ఇంకా సముద్రం మీదే ఉంది.
కిటికీలోంచి చూస్తే
పొడి వాదీలో కొలకర్ర ఒక్కటే,
మోకాళ్ల దాకా ఇసుకలో,
సున్నా దగ్గర.