ముల్లు చల్లగనే ఉండె

ఇత్తడి ఒళ్లు, రెండు పిన్నులు,
చిటికెన వేలంత లేదు.
రాణిగంజ్ సందుల బేరమాడి తెచ్చిన సెన్సరును
అరచేతిల పెట్టుకొని ఖదీర్ ఉస్తాద్ అడుగుతుండు:
"చెప్పుర ఎల్లేశ్, దీన్ని యాడ పెడ్తవ్?"

ముషీరాబాద్ షెడ్డుల
పాత జీపుకు ఇంకో బండి ఇంజను ఎక్కిచ్చినం.
ఒళ్లు ఒకదానిది, గుండె ఒకదానిది.
అన్ని కలిసినయి గని
సెన్సరుకు పొక్క లేదు.
మనమే కొట్టాలె.
ఒక్కసారి కొడితే మల్ల పూడ్చేది కాదు.

రేడియేటర్ కింది పైపు చూపిచ్చిన.
ఉస్తాద్ నవ్విండు.
"గాలికి తిరిగి ఆరినంక ఒచ్చే నీళ్లుర అవి.
కొట్లాడి, ముఖం కడుక్కొని, తల దువ్వుకొని ఒచ్చినోన్ని
కోపమొచ్చిందా అని అడుగుతవా?"

థర్మోస్టాట్ అవుతల పెడ్దామన్న.
"తలుపు తెరిచేదాంక
అర్ర లోపలి లొల్లి
అరుగు మీద కూసున్నోనికి ఎట్ల ఎరుక?"

ఇంక మీద, అన్నిటికన్న మీద,
పానా సులువుగ తిరిగే జాగ ఒకటి ఉన్నది.
ఆడికి నా వేలు పోలే.
ఉస్తాద్ గూడ ఆ దిక్కు చూడలే.

పోయిన రోహిణి కార్తెల
పుష్పలీల మేడం పాత మారుతికి
నేను ఆడనే బిగిచ్చిన.
రక్తం తీసే ల్యాబుల పని ఆమెది,
పొద్దుగాల అయిదింటికే బండి తీస్తది.
పైపు పగిలి నీళ్లు కారుకుంట పోయినయి,
సెన్సరు ఉత్త గాలిల వేలాడింది.
గాలికి ఏం తెలుస్తది?
ఇంజను కాలినకొద్ది
ముల్లు కిందికి దిగింది.
లక్డీకపూల్ దగ్గర బండి ఆగినప్పుడు
అది పొద్దుగాల కన్న చల్లగ ఉండె.

"ముల్లు చూసుకుంటనే ఒచ్చిన" అన్నదామె,
తప్పు తనదే అన్నట్టు.

ఉస్తాద్ హెడ్డు విప్పిండు.
దాని మీద ఉక్కుబద్ద నిలబెట్టి
అవుతలి దిక్కుకెల్లి ఫోన్ లైటు కొట్టిండు.
బద్ద కింద సన్నగ, వెంట్రుక మందం
వెలుతురు.
నన్ను వంగి చూడమన్నడు.
అంతే. ఏం అనలే.
ఒక్క తిట్టు తిడితే ఆ రాత్రి నిద్ర పట్టు నాకు.

మల్ల రోజు నేనే ఫోన్ చేసి చెప్పిన:
ఆడ పెట్టింది నేను,
చెయ్యి సులువుగ పోతదని పెట్టిన.
చానసేపు సప్పుడు లేదు.
"కండ్లకు కనవడ్డ నరమల్ల గుచ్చం తమ్మీ,
రక్తమున్నదా అని వేలుతోని చూస్తం" అన్నది.
తర్వాత, పైసలెంతయితయని అడిగింది.

ఇయ్యాల జీపు ముంగట మోకాళ్ల మీద కూసున్న.
నీళ్లు యాడికెల్లి ఉరికొస్తున్నయో
చూపుడు వేలుతోని వెతుక్కుంట పోయిన.
ఆఖరి సిలిండర్ పక్క,
థర్మోస్టాట్ ఇంక రాకముందు,
హెడ్డు తన వేడినంత ఒక్క దిక్కు వదిలే మలుపు.
నీళ్లు పోటెత్తే జాగ,
బుడగ నిలువని జాగ.
చెయ్యి పట్టదు. పానా సగమే తిరుగుతది.
మోచేతి తోలు లేసింది.
"ఈడ" అన్న.

ఉస్తాద్ డ్రిల్లు నా చేతికిచ్చిండు.

మరలు కోసి, సెన్సరు బిగిచ్చి,
కూలెంట్ పోసి, గాలి వదిలినం.
గుడుగుడుమని బుడగలు ఒచ్చినయి,
పచ్చనీళ్లు అంచుల దాంక నిండినయి.
స్టార్ట్ చేసినం.
ముల్లు కదలలే.
బయట ఆటోలు, హారన్లు, సమోసలోని కేక.
ముల్లు కదలలే.
నా గొంతెండింది.

అప్పుడు లేసింది,
నిద్ర లేసిన పిల్లగాని లెక్క, మెల్లగ.
సగం దాటంగనే ఫ్యాను అందుకున్నది.

ముల్లు చెప్పినంక గూడ
ఉస్తాద్ చెయ్యి తిరగేసి
మీది పైపు మీద ఆనిచ్చిండు,
జరమొచ్చినోని మెడ చూసినట్టు.
సుర్రుమన్నది. ఎన్కకు గుంజుకున్నడు.
"బరాబర్" అన్నడు,
వేలు ఊదుకుంట.